బొమ్మ బాగుంది, ప్రవాహం ఏదీ?

రెండు డైమెన్షన్ల సిమ్యులేషన్ ఫలితాలను కళ్లకు కట్టే తొమ్మిది మెట్లు

సాల్వర్ పని ముగించింది. ఎర్రర్లు రాలేదు. రెసిడ్యువల్స్ బుద్ధిగా కిందికి దిగాయి. ఫోల్డర్ తెరిస్తే లోపలన్నీ అంకెలే. రేపు ఉదయం గైడ్ ముందు కూర్చోవాలి. ఆయన అడిగేది ఒక్కటే: "ఏం వచ్చింది? చూపించు."

ఏం చూపిస్తారు?

అడ్డంగా 129, నిలువుగా 129 బిందువులున్న గ్రిడ్ తీసుకుంటే మొత్తం 16,641 బిందువులు. ఒక్కోచోట రెండు వేగాలు, ఒక పీడనం. అంటే ఒక్క క్షణానికి 49,923 అంకెలు. వాటిని వరసగా చదివి లోపల నీరు ఎటు తిరుగుతోందో చెప్పడం ఎవరి తరమూ కాదు. బొమ్మ గీయాల్సిందే. చాలామంది తొందరపడేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్ తెరుస్తారు, మొదట కనిపించిన బటన్ నొక్కుతారు, ఎరుపూ పసుపూ నీలమూ కలిసిన చిత్రం రాగానే స్క్రీన్‌షాట్ తీసి రిపోర్టులో అతికిస్తారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. "దీన్నిబట్టి ప్రవాహం గురించి మీకేం తెలిసింది?" అని ఎవరైనా అడిగితే మాత్రం నోరు పెగలదు.

ఒకప్పుడు కష్టమంతా లెక్కలోనే ఉండేది. గుండ్రటి సిలిండర్ చుట్టూ రేనాల్డ్స్ సంఖ్య 40 దగ్గర ప్రవాహం ఎలా ఉంటుందో జపాన్‌కు చెందిన మిత్సుతోషి కవగుచి 1953లో ప్రచురించారు. ఆ ఒక్క ఫలితం కోసం ఆయన మెకానికల్ కాలిక్యులేటర్ ముందు వారానికి 20 గంటల చొప్పున ఏడాదిన్నర కూర్చున్నారు. ఇవాళ మామూలు ల్యాప్‌టాప్ అదే లెక్కను నిమిషాల్లో తేల్చేస్తుంది. అంకెలు రాబట్టడం తేలికైంది, వాటిని సరిగ్గా చూడడమే ఇప్పుడు అసలు పని.

ఈ అధ్యాయం సమీకరణాల జోలికి పోదు. రెండే రెండు ఉదాహరణలు పట్టుకుని నడుస్తుంది. మొదటిది చదరపు పెట్టె. మూడు గోడలు కదలవు, పైమూత మాత్రం కుడివైపుకు జరుగుతూ ఉంటుంది, లోపలి ద్రవం సుడి తిరుగుతుంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో దీన్నే లిడ్ డ్రివెన్ క్యావిటీ అంటారు. ఊర్మిళా ఘియా, కీర్తి ఘియా, సి.టి. షిన్ 1982లో ఈ సమస్యకు ఇచ్చిన పట్టికలే నేటికీ కొత్త కోడ్‌లకు మొదటి పరీక్ష. రెండో ఉదాహరణ ప్రవాహానికి అడ్డంగా నిలబెట్టిన సిలిండర్. వంతెన స్తంభం వెనక నీళ్లలో సుడులు లేచేది చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

1. ముందు ప్రశ్న రాయండి, తర్వాతే ప్లాట్ తెరవండి

కాగితం మీద ఒక్క వాక్యం చాలు. "సుడి కేంద్రం ఎక్కడుంది?" "గోడను వదిలి ప్రవాహం ఎక్కడ విడిపోయింది?" "పీడనం ఎక్కడ ఎక్కువ?" "సుడులు ఎంతసేపటికొకటి విడుదలవుతున్నాయి?" ఈ నాలుగు ప్రశ్నలకు ఒకే బొమ్మ జవాబు చెప్పదు. సుడి కేంద్రానికి స్ట్రీమ్‌లైన్లు కావాలి. ప్రవాహం విడిపోయే చోటుకు గోడ పక్కన వేగం గుర్తు మారే బిందువు కావాలి. పీడనానికి రంగుల పటం కావాలి. సుడుల వ్యవధికి అసలు పటమే అక్కర్లేదు, కాలంతో మారే ఒక గ్రాఫ్ చాలు.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది? అన్నీ ఒకే బొమ్మలో కుక్కడంలో. వెనక పీడనం రంగులు, పైన బాణాలు, వాటి మీద స్ట్రీమ్‌లైన్లు, మధ్యలో గ్రిడ్ గీతలు. గీసినవాళ్లకు అంతా కనిపిస్తుంది, ఎదుటివాళ్లకు ఏదీ కనిపించదు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో బొమ్మ కేటాయించండి.

2. బొమ్మ తలకిందులుగా లేదని తేల్చుకోండి

నవ్వులాటగా ఉందా? కొత్త కోడ్‌లలో మొదట బయటపడే తప్పు ఇదే. పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవాళ్లు ఇమ్‌షో అనే ఫంక్షన్‌తో వేగం పటం గీస్తారు. అది మొదటి వరసను పైన పెడుతుంది, ఫొటోలకు అదే పద్ధతి. మీ కోడ్‌లో మొదటి వరస అంటే పెట్టె అడుగు. ఇంకేముంది, అడుగు పైకెక్కి మూత కిందికి దిగుతుంది. ఆరిజిన్ అనే ఆప్షన్‌ను లోయర్ అని మారిస్తే సరిపోతుంది.

రెండో చిక్కు సూచికల వరస. మీ అరేలో మొదటి సూచిక అడ్డానిదా, నిలువుదా? చాలా ప్లాటింగ్ ఫంక్షన్లు మొదటి సూచికను నిలువుగా తీసుకుంటాయి. కోడ్ అందుకు విరుద్ధంగా రాసి ఉంటే బొమ్మ కర్ణం మీద తిరగబడుతుంది. పెట్టె చదరం కాబట్టి ప్రోగ్రామ్ కిక్కురుమనదు.

దీన్ని పట్టుకోవడానికి తెలిసిన జవాబు ఒకటి చేతిలో ఉంటే చాలు. రేనాల్డ్స్ సంఖ్య 100 దగ్గర పెట్టె భుజాన్ని 1గా తీసుకుంటే, ప్రధాన సుడి కేంద్రం ఎడమ గోడ నుంచి 0.6172, అడుగు నుంచి 0.7344 దూరంలో ఉంటుంది. అంటే కుడివైపుకు కాస్త ఒరిగి, పైభాగంలో. మీ బొమ్మలో అది కింది భాగంలో కనిపిస్తే బొమ్మ తలకిందులైంది. రెండు అంకెలూ తారుమారై, కుడి గోడే కదులుతున్నట్టు కనిపిస్తే సూచికలు మారిపోయాయి.

అడ్డం, నిలువు స్కేళ్లు సమానంగా ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూడండి. సమానంగా లేకపోతే గుండ్రటి సిలిండర్ కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, సుడులూ దాంతోపాటే సాగుతాయి.

3. మొదటిసారి నునుపు చేయకుండా చూడండి

ప్లాటింగ్ సాఫ్ట్‌వేర్లకు పైమెరుగుల మీద మోజు. సెల్‌కూ సెల్‌కూ మధ్య రంగును మెల్లగా కలిపేసి పట్టుచీర మెరుపు తెస్తాయి. మీకు మొదట కావాల్సింది ఆ మెరుపు కాదు. ప్రతి సెల్‌నూ దాని రంగుతో ఉన్నది ఉన్నట్టు నింపండి, గళ్లు కనిపిస్తే కనిపించనివ్వండి.

ఎందుకంత పట్టుదల? ఒక సందర్భం చూడండి. వేగాన్నీ పీడనాన్నీ ఒకే బిందువు దగ్గర ఉంచి, తగిన జాగ్రత్త లేకుండా రాసిన కోడ్‌లో పీడనం చదరంగం బల్లలా తయారవుతుంది. ఒక గడిలో ఎక్కువ, పక్క గడిలో తక్కువ, మళ్లీ ఎక్కువ. ఇది భౌతికశాస్త్రం కాదు, పద్ధతిలోని లోపం. దీన్ని తప్పించుకోవడానికే ఫ్రాన్సిస్ హార్లో, ఎడ్డీ వెల్చ్ 1965లో వేగాలను సెల్ అంచుల మీదికి, పీడనాన్ని నడిమధ్యకు జరిపిన గ్రిడ్‌ను వాడారు. ఇప్పుడు ఆ గళ్ల పీడనాన్ని మీరు నునుపు చేసి చూశారనుకోండి. మూల దగ్గర విలువ కోసం సాఫ్ట్‌వేర్ చుట్టూ ఉన్న నాలుగు సెల్స్ సగటు తీస్తుంది. రెండు ఎక్కువలు, రెండు తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తప్పు తప్పుగానే ఉంటుంది, తెర మీద మాత్రం మాయమవుతుంది!

పారావ్యూలో ఓపెన్‌ఫోమ్ ఫలితం తెరిచినప్పుడు పీడనం పేరు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకటి సెల్ విలువ, ఇంకొకటి బిందువుల దగ్గరికి సర్దిన విలువ. ముందు సెల్ విలువను ఎంచుకోండి. అంతా సవ్యంగా ఉందని తేలాక రిపోర్టు కోసం నునుపు బొమ్మ తీసుకున్నా ఇబ్బంది లేదు.

హార్లో పద్ధతి గ్రిడ్ వాడినవాళ్లకు ఇంకో హెచ్చరిక. అడ్డం వేగం ఒకచోట, నిలువు వేగం ఇంకోచోట నిల్వ అయి ఉంటాయి. రెండింటినీ సెల్ మధ్యకు సగటు చేసి తేకుండా బాణాలు గీస్తే ప్రతి బాణమూ అర సెల్ తప్పు చోట నిలబడుతుంది.

4. రంగు ఎంచుకోవడానికి ఒక కారణం ఉండాలి

నీలంతో మొదలై ఆకుపచ్చ, పసుపు మీదుగా ఎరుపులో ముగిసే ఇంద్రధనుస్సు రంగులు ఎందరికో ఇష్టం. చిక్కేమిటంటే అంకెలు ఒకే తీరుగా పెరుగుతున్నా కంటికి రంగు ఒకే తీరుగా మారదు. పసుపు దగ్గర లేని అంచు కనిపిస్తుంది, ఆకుపచ్చలో ఉన్న తేడా కనిపించదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్తించలేనివాళ్లకు సగం బొమ్మ పోతుంది. మ్యాట్‌లాబ్ 2014లో జెట్ అనే ఈ వరసను పక్కనపెట్టి పరులాను తెచ్చింది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి విరిడిస్‌ను ముందు వరసలో నిలబెట్టింది.

ఇదంతా కంటికి నచ్చడం, నచ్చకపోవడం గొడవ అనుకుంటున్నారా? హార్వర్డ్‌లో మిషెల్ బోర్కిన్ బృందం 2011లో గుండె ధమనుల సిమ్యులేషన్ చిత్రాలను వైద్య విద్యార్థుల చేత చదివించింది. త్రీడీ చిత్రం మీద ఇంద్రధనుస్సు రంగులు వేసినప్పుడు వాళ్లు జబ్బు ఉన్న చోట్లలో 39 శాతమే పట్టుకోగలిగారు. ధమనులను చదునుగా పరిచి, రంగుల వరస కూడా మార్చాక అది 91 శాతానికి చేరింది. అంకెలు అవే, ధమనులు అవే.

గుర్తుంచుకోవాల్సింది ఇంతే. వేగం పరిమాణం సున్నా నుంచి పైకి పోతుంది కాబట్టి ముదురు నుంచి లేతకు ఒకే దిశలో నడిచే వరస వాడండి. ద్రవం తిరుగుడును కొలిచే వర్టిసిటీకి ప్లస్, మైనస్ రెండూ ఉంటాయి, ఒకటి ఎడమకు తిరుగుడు, ఇంకొకటి కుడికి. అక్కడ నడుమ తెలుపు, అటు నీలం, ఇటు ఎరుపు ఉన్న వరస కావాలి. తెలుపు కచ్చితంగా సున్నా మీదే పడాలి. అందుకు అవధులు మైనస్ 5 నుంచి ప్లస్ 5 అన్నట్టు రెండువైపులా సమానంగా పెట్టాలి. సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తే మైనస్ 3 నుంచి ప్లస్ 8 తీసుకుంటుంది, అప్పుడు తెలుపు 2.5 దగ్గర పడుతుంది, తిరుగుడే లేని ప్రాంతం నీలంగా కనిపిస్తుంది.

పీడనంతో ఇంకో తలనొప్పి ఉంది. పెట్టె పైమూలల్లో కదిలే మూత, కదలని గోడ ఒకేచోట కలుస్తాయి. అక్కడ పీడనం విపరీతంగా పోతుంది, గ్రిడ్ చిన్నదయ్యేకొద్దీ ఆ అంకె ఇంకా పెరుగుతుంది. రంగు అవధులను ఆ రెండు సెల్సే మింగేస్తాయి, మిగతా పెట్టె అంతా ఒకే రంగు. అవధులను చేత్తో కుదించండి, కుదించారని రంగుపట్టీ చివర బాణం గుర్తుతో తెలియజేయండి. ఓపెన్‌ఫోమ్‌లో ఐకోఫోమ్ లాంటి సాల్వర్లు ఇచ్చే పీడనం సాంద్రతతో భాగించినదని కూడా మరవద్దు. రంగుపట్టీ పక్కన పాస్కల్ అని రాస్తే, వైవాలో దొరికిపోతారు.

చివరి పరీక్ష జిరాక్సు మెషిన్ దగ్గర. థీసిస్ కాపీల్లో కొన్నయినా నలుపు తెలుపుల్లో పోతాయి. బొమ్మను ఒకసారి బూడిదరంగులోకి మార్చి చూడండి. ఎక్కువేదో తక్కువేదో అప్పుడూ తెలిస్తే రంగు కుదిరినట్టే.

5. బాణాలు తగ్గించండి

16,641 బిందువులకూ బాణాలు గీస్తే పుట్ట పగిలి చీమలు పాకినట్టుంటుంది. ఎనిమిదింటికొకటి తీసుకోండి. 17 వరసల్లో 17 బాణాలు, మొత్తం 289. కళ్లు హాయిగా చదువుకుంటాయి.

గోడల దగ్గర సెల్స్ చిన్నవిగా ఉన్న గ్రిడ్ అయితే ఈ చిట్కా పారదు. ఎనిమిదింటికొకటి తీసినా గోడ దగ్గర బాణాలు గుంపు కడతాయి, మధ్యలో ఖాళీ మిగులుతుంది. వేగాలను సమాన దూరాల బిందువుల మీదికి సర్ది, అక్కడి నుంచి గీయండి.

పొడవు సంగతేమిటి? పెట్టె మూత దగ్గర వేగం 1. కింది మూలల్లో అందులో వెయ్యో వంతు కూడా ఉండదు. పొడవును వేగానికి తగ్గట్టు ఉంచితే మూలల్లో బాణాలు చుక్కలైపోతాయి. అక్కడ ఏం జరుగుతోందన్నదే మీ ప్రశ్న అయితే అన్ని బాణాలనూ ఒకే పొడవు చేసి, వేగాన్ని రంగుతో చూపండి. ఆ మాట బొమ్మ కింద తప్పనిసరిగా రాయండి, లేకపోతే మూలలోనూ మూత దగ్గర ఉన్నంత వేగం ఉందని చదివేవాళ్లు పొరబడతారు.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ క్వివర్‌లో ఇంకో చిన్న మెలిక. స్కేళ్లు సమానంగా లేని బొమ్మలో బాణం కోణం ప్రవాహం దిశతో కలవదు. యాంగిల్స్ అనే ఆప్షన్‌కు ఎక్స్‌వై అని ఇస్తే కలుస్తుంది.

6. స్ట్రీమ్‌లైన్ల విలువలు చేత్తో ఎంచుకోండి

ఇది కాస్త నిదానంగా చదవాల్సిన మెట్టు. పెట్టె కింది మూలల్లో ప్రధాన సుడికి ఎదురు తిరిగే చిన్న సుడులు రెండు ఉంటాయి. మీ బొమ్మలో అవి కనిపించలేదా? కోడ్ తప్పని కంగారుపడకండి. ముందు అంకెలు చూడండి.

రెండు డైమెన్షన్లలో స్ట్రీమ్ ఫంక్షన్ ఒక వరం. దాని కాంటూర్లే స్ట్రీమ్‌లైన్లు. రేనాల్డ్స్ సంఖ్య 100 దగ్గర ప్రధాన సుడి కేంద్రంలో దాని విలువ మైనస్ 0.1034. కుడి కింది మూల సుడిలో 0.0000125. దాదాపు ఎనిమిది వేల రెట్లు చిన్నది. ఎడమ మూలలో ఇంకా తక్కువ, 0.00000175. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌ను 20 కాంటూర్లు సమాన దూరంలో గీయమంటే ఏం చేస్తుంది? సుమారు 0.005 చొప్పున అడుగులు వేస్తుంది. ఆ అడుగుకు మూల సుడులు అందనే అందవు. వాటిమీదుగా దూకేస్తుంది.

అందుకే ఘియాల పత్రంలో కాంటూర్ విలువలు సమాన దూరంలో లేవు, ఏరి పెట్టుకున్నవి. మీరూ అదే చేయండి. మైనస్ వైపు 0.1, 0.09, 0.07, 0.05, 0.03, 0.01, 0.0001. ప్లస్ వైపు 0.000001, 0.000005, 0.00001. నలుపు ఒక్కటే వాడితే మ్యాట్‌ప్లాట్‌లిబ్ మైనస్ గీతలను తెంపులు తెంపులుగా, ప్లస్ గీతలను నిండుగా గీస్తుంది. సుడి ఎటు తిరుగుతోందో జిరాక్సులోనూ తెలుస్తుంది. అయితే గ్రిడ్ మరీ ముతకగా ఉంటే మూల సుడి రెండు మూడు సెల్స్‌కు మించదు. దాన్ని ఏ కాంటూరూ కాపాడలేదు.

మూలలో ఉండేది ఒక్క సుడేనా? కీత్ మోఫట్ 1964లో చూపించిన ప్రకారం పదునైన మూలల్లో సుడి కింద సుడి, దాని కింద ఇంకా చిన్న సుడి, అలా అంతులేకుండా ఉంటాయి. మీ గ్రిడ్ ఎక్కడిదాకా చూడగలిగితే అక్కడిదాకానే మీ మాట.

స్ట్రీమ్ ఫంక్షన్ లేనప్పుడు స్ట్రీమ్‌ప్లాట్ లాంటి ఫంక్షన్లు వేగం నుంచి నేరుగా గీతలు గీస్తాయి. ఒక జాగ్రత్త. సమాన అడుగుల కాంటూర్లలో గీతలు దగ్గరపడిన చోట వేగం ఎక్కువ అని అర్థం. స్ట్రీమ్‌ప్లాట్ గీతలకు ఆ అర్థం లేదు, బొమ్మ నిండుగా కనిపించేలా అదే దూరాలు సర్దుతుంది. రెండింటినీ ఒకేలా చదివితే తప్పుడు నిర్ధారణకు వస్తారు.

7. కాలంతో మారే ప్రవాహానికి ఏ గీత వాడాలో తేల్చుకోండి

సిలిండర్ దగ్గరికి వద్దాం. రేనాల్డ్స్ సంఖ్య సుమారు 47 దాటేదాకా వెనక రెండు సుడులు జంటగా, కదలకుండా ఉంటాయి. దాటాక అటొకటి ఇటొకటి చొప్పున విడిపోతూ వరస కడతాయి. థియోడోర్ ఫాన్ కార్మాన్ పేరు మీదున్న సుడుల వరస ఇదే.

ఇక్కడ ఒక సందర్భం. ఒక ఎం.టెక్ విద్యార్థిని సిమ్యులేషన్ బొమ్మను మిల్టన్ వాన్ డైక్ 1982లో తెచ్చిన ప్రవాహాల ఫొటో ఆల్బమ్‌తో పోల్చిందనుకోండి. ఫొటోలో చుట్టలు చుట్టుకున్న సుడులు, ఆమె స్ట్రీమ్‌లైన్లలో మాత్రం అలల్లాంటి వంపులు. కోడ్ తప్పా? కాకపోవచ్చు. ఫొటోలో రంగు లేదా పొగ ఒకచోటు నుంచి ఆగకుండా వదులుతారు. ఆ చోటు మీదుగా వెళ్లిన కణాలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయో కలిపితే వచ్చేది స్ట్రీక్‌లైన్. ఈ క్షణంలో వేగాల దిశను చూపేది స్ట్రీమ్‌లైన్. ఒక్క కణం నడిచిన దారి పాత్‌లైన్. ప్రవాహం మారకుండా ఉంటే మూడూ ఒకటే, మారుతుంటే మూడూ వేరు. ఫొటోతో పోల్చాలంటే సిలిండర్ ముందు నుంచి ప్రతి అడుగులోనూ కణాలను వదిలి చుక్కలు పెట్టాలి.

అలాగని స్ట్రీక్‌లైన్ చెప్పిందల్లా వేదం కాదు. అందులో చుట్టలు కనిపించినంత మాత్రాన అక్కడ సుడి ఉండి తీరాలని లేదని ఫ్రాన్సిస్ హామా 1962లోనే చూపించారు. వర్టిసిటీ పటం పక్కన పెట్టుకుంటే ఆ అనుమానం తీరుతుంది. చూసేవాడు నిలబడి చూసినా ప్రవాహంతో పాటు సాగుతూ చూసినా వర్టిసిటీ మారదు. స్ట్రీమ్‌లైన్ల ఆకారం మారిపోతుంది.

యానిమేషన్ చేసేవాళ్లకు మూడు సూచనలు. ఒకటి, రంగుల అవధులు అన్ని ఫ్రేముల్లోనూ ఒకటే ఉంచండి. ప్రతి ఫ్రేముకూ అవి మారితే ప్రవాహం కాకుండా రంగులే ఆడుతున్నట్టుంటుంది. రెండు, సమయం తెర మూలలో రాయండి. మూడు, ఎంతకొకసారి సేవ్ చేస్తున్నారో లెక్కవేసుకోండి. రేనాల్డ్స్ సంఖ్య 100 దగ్గర, గోడలు దూరంగా ఉన్నప్పుడు, ప్రవాహం సుమారు ఆరు వ్యాసాల దూరం సాగేలోగా సుడుల ఆవృత్తి ఒకటి పూర్తవుతుంది. ఆ వ్యవధికి 24 ఫ్రేములు కావాలంటే పావు వ్యాసం దూరానికొకటి సేవ్ చేయాలి. ఆవృత్తికి సరిగ్గా ఒకటే సేవ్ చేస్తే? ప్రతి ఫ్రేమూ అచ్చు ముందుదానిలాగే ఉంటుంది, సుడులు గడ్డకట్టాయని మీరు రిపోర్టు రాసేస్తారు.

8. ప్రతి బొమ్మకూ ఒక అంకె సాక్ష్యం పెట్టండి

రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి "బాగా కలిసింది" అనడం సరిపోదు. పెట్టెలో నిట్టనిలువు మధ్యగీత మీద అడ్డం వేగం తీయండి. రేనాల్డ్స్ సంఖ్య 100కు ఘియాల పట్టికలో అతి తక్కువ విలువ మైనస్ 0.2109, అడుగు నుంచి 0.4531 ఎత్తులో. మీ గీతను నిండు రేఖగా, పట్టిక అంకెలను చుక్కలుగా ఒకే గ్రాఫ్‌లో పెట్టండి.

సిలిండర్‌కు మైకేల్ షెఫర్, స్టెఫాన్ టూరెక్ 1996లో ఒక పరీక్ష స్థిరపరిచారు. ఛానెల్ పొడవు 2.2 మీటర్లు, ఎత్తు 0.41 మీటర్లు, సిలిండర్ వ్యాసం 0.1 మీటరు, కేంద్రం నడిమి గీతకు 5 మిల్లీమీటర్లు కిందికి. రేనాల్డ్స్ సంఖ్య 100 దగ్గర గరిష్ఠ డ్రాగ్ గుణకం 3.22 నుంచి 3.24 మధ్య, సుడులు ఎంత తరచుగా విడుదలవుతాయో చెప్పే స్ట్రౌహాల్ సంఖ్య 0.295 నుంచి 0.305 మధ్య రావాలి. గోడలు దూరంగా ఉంటే ఇదే రేనాల్డ్స్ సంఖ్యకు స్ట్రౌహాల్ సంఖ్య సుమారు 0.165. రెండింటికీ అంత తేడా ఎందుకు? ఇక్కడ ఛానెల్ ఎత్తులో దాదాపు పావు వంతు సిలిండరే ఆక్రమించింది. ఏ పుస్తకంలోనో దొరికిన అంకెతో పోల్చేముందు అక్కడి గోడలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి.

మీ సిలిండర్ వెనక సుడులు అసలు విడిపోవడం లేదా? లిఫ్ట్ గుణకాన్ని కాలంతో గ్రాఫ్ గీయండి. అది సన్నగా ఊగుతూ పెరుగుతుంటే సిమ్యులేషన్‌ను ఇంకాస్త నడవనివ్వాలి. పటం చూస్తే ఈ ఊగడం కంటికి ఆనదు.

9. బొమ్మ కింద ఇవి లేకుండా ఎవరికీ పంపకండి

రేనాల్డ్స్ సంఖ్య, అది ఏ పొడవు, ఏ వేగం మీద లెక్కించారో. గ్రిడ్ పరిమాణం. ఏ క్షణానిదో, లేదా స్థిరపడిన ఫలితమో. రంగు దేన్ని సూచిస్తుందో, దాని ప్రమాణం. కాంటూర్ విలువలు సమాన దూరంలో లేకపోతే ఆ జాబితా. బాణాల పొడవు సమానం చేసి ఉంటే ఆ సంగతి. ఇవన్నీ కలిపినా మూడు లైన్లకు మించవు. ఆర్నెల్ల తర్వాత ఆ బొమ్మను మళ్లీ గీయమంటే మీకే పనికొస్తాయి.

ఈ వారం చేయాల్సిన పని

కొత్త కోడ్ రాయనక్కర్లేదు. ఓపెన్‌ఫోమ్‌తో వచ్చే క్యావిటీ ట్యుటోరియల్ తెరవండి. పెట్టె భుజం 0.1 మీటరు, మూత వేగం సెకనుకు 1 మీటరు, గ్రిడ్ 20 అడ్డం 20 నిలువు, రేనాల్డ్స్ సంఖ్య 10. పైథాన్ అలవాటున్నవాళ్లకు లొరెనా బార్బా రాసిన పన్నెండు అడుగుల నేవియర్ స్టోక్స్ పాఠాల్లో పదకొండో అడుగు కూడా ఇదే పెట్టె, అదీ పనికొస్తుంది.

మొదటి రోజు ట్యుటోరియల్‌ను ఉన్నది ఉన్నట్టు నడిపి, పీడనాన్ని సెల్ విలువలతో గళ్లుగా చూడండి. రెండో రోజు స్నిగ్ధతను 0.01 నుంచి 0.001కి తగ్గించండి, రేనాల్డ్స్ సంఖ్య 100 అవుతుంది. ముగింపు సమయాన్ని 0.5 సెకన్ల నుంచి 2 సెకన్లకు పెంచండి, లేకపోతే ప్రవాహం కుదురుకోకముందే ఆగిపోతుంది. మూడో రోజు బాణాలు, స్ట్రీమ్‌లైన్లు వేరువేరు బొమ్మల్లో గీసి, సుడి కేంద్రం 0.6172, 0.7344 అంకెలకు ఎంత దగ్గరగా ఉందో కొలవండి. పెట్టె భుజం 0.1 కాబట్టి మీ కొలతలను పదితో గుణించాక పోల్చండి. నాలుగో రోజు గ్రిడ్‌ను 40 అడ్డం 40 నిలువుకు పెంచి, కాలం అడుగును 0.005 సెకన్ల నుంచి 0.0025కు తగ్గించి మళ్లీ నడపండి. మధ్యగీత మీద అతి తక్కువ వేగం 20 గ్రిడ్‌లో ఎంత, 40 గ్రిడ్‌లో ఎంత, పట్టికలోని మైనస్ 0.2109కి ఏది దగ్గర? ఆ మూడు అంకెలనూ గ్రాఫ్ కిందే రాసుకుని గైడ్ దగ్గరికి వెళ్లండి.